వేరును చూడవలయును



టమాట మొక్క వాడినచో ఆకు గిల్లి యూరకుండు రైతు మన సీమలో లేడు. మొదలు త్రవ్వి వేరును జూచును. అణువ్యర్థముల విషయమునను మేము కోరున దిదియే. మన పొరుగున, కడప సీమయందలి తుమ్మలపల్లెలో యురేనియము వ్యర్థముల చెరువు గలదు. బావినీరు చెడెనని సమీపగ్రామస్థులు మొఱపెట్టుకొనిరి. కారణ మెట్లు వెదకవలయును?

అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రమున, 650 మీటర్లకు మించిన లోతున, ఉప్పుపొరలలో నుంచిన అణువ్యర్థపు పీపా యొకటి 2014 ఫిబ్రవరి 14న పగిలెను. నైట్రేటు లవణములలో మట్టిపొడికి మాఱుగా గోధుమతో జేసిన పొడిని గలుపుటచే నది లోలోన వేడెక్కెను. కలిపిన చేతిని దండించిన జాలునా? ఆ ప్రమాదము నివారింపదగినదే యనియు, కార్యవిధానములను సరిగా పరిశీలింపకుండుటయే లోపమనియు విచారణసంఘము 2015లో తేల్చెను.

నేడు 'ఎందుచేత' నను ప్రశ్నలను వరుసగా గూర్చి చూపు కంప్యూటరు సాఫ్టువేరులు గలవు. కాని దాచిన చిట్టాను యంత్రము చదువజాలదు. కావున తుమ్మలపల్లె నీటిపరీక్షల లెక్కలన్నియు తెలుగున గ్రామస్థుల ముందుంచవలయును. ప్రజల యెదుట జరుగని విచారణము వేరును ముట్టనేరదు.