గిన్నెలో ఊరు కనిపించాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వియత్నాం పోయి వచ్చిన ముచ్చట్లు రెండు చెప్పమన్నారు. తిండి ముచ్చటే చెబుతాను. ఆ దేశం నాకు కొద్దిగానైనా అర్థమైంది తిండితోనే.

ఆ దేశం ఉత్తరం నుంచి దక్షిణానికి 1,600 కిలోమీటర్ల పైచిలుకు పొడవు. బియ్యప్పిండి నూడుల్స్‌తో చేసే 'ఫో' అంతటా దొరుకుతుంది. హనోయిలో దాని చారు తేటగా ఉంటుంది, ఆకులు తక్కువ. హోచిమిన్ సిటీలో అదే చారు కాస్త తియ్యన. పక్కన పళ్ళెం నిండా తులసి జాతి ఆకులు, మొలకలు, నిమ్మచెక్కలు. నడుమనున్న హుయే 1945 దాకా రాజుల నగరం. అక్కడి 'బున్ బో'లో నిమ్మగడ్డి వాసన, మిరప ఘాటు. హోయ్ అన్‌లో చేసే 'కావ్ లావ్'కు ఆ ఊరి బా లే బావి నీళ్ళే కావాలంటారు. ప్రతి ఊరూ తన వంటను తన పేరుతోనే వడ్డిస్తుంది.

ఇంకో ముచ్చట. అక్కడ 'చాయ్' అంటే శాకాహారం! మన చాయ్ అనుకుని అడిగితే కూరగాయల భోజనం వస్తుంది. బౌద్ధులు చాలామంది అమావాస్యకు, పున్నమికి అదే తింటారు.

అమావాస్య అంటే మనకు గుర్తొచ్చేది ఎళ్ళ అమాస. ఆ రోజు ఇంటిల్లిపాదీ చేనుకు పోయి, పైరుకు మొక్కి, జొన్నరొట్టె, బజ్జికూర, అంబలి పదిమందితో పంచుకుంటాం. పచ్చి కాయల గింజలు, ఆకుకూరలు, కూరగాయలు కలిసిన ఆ బజ్జిలో మన నల్లరేగడి అంతా ఉంటుంది. వాన వెనకపట్టినాక, మట్టిలో మిగిలిన తేమతోనే జొన్న, శనగ, కుసుమ పండించే నేల మనది. ఇటు తెలుగు, అటు కన్నడ, నడుమ ఉర్దూ, మరాఠీ మాట్లాడే ఈ సరిహద్దులో రొట్టె మాత్రం అందరిదీ.

1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చింది. ఆకలి తీరింది, అది చిన్న సంగతి కాదు. కానీ బియ్యం తినేవాళ్ళు ఉన్నోళ్ళు, జొన్న తినేవాళ్ళు లేనోళ్ళు అన్న మాట బలపడి కొర్ర, సామ, తైద చేలల్లోంచి వెనక్కి పోయాయి. అదే 1983లో జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దాని సంఘాల్లోని మహిళలు, ఎక్కువగా పేద దళిత రైతులు, పాత విత్తనాలను కాపాడారు. సంక్రాంతికి బండ్లలో ఆ విత్తనాలు ఊరూరా తిరిగే పాత పంటల జాతర మీకందరికీ తెలుసు. 2019లో ఆ సంస్థకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రపంచమంతా జరుపుకుంది.

విత్తనం మిగిలింది. వండే చెయ్యి మిగలాలి. బజ్జిలో ఏ గింజ ముందు వెయ్యాలో, తైద అంబలి ఎంతసేపు పులియాలో మన అమ్మమ్మలకు, నానమ్మలకు తెలుసు. అది ఏ పుస్తకంలోనూ లేదు. అందుకే సంఘానికి ఒక మనవి: ఈ ఏడు ప్రతి బ్యాచ్ పది వంటలు రాసి బడికి ఇవ్వాలి. వంట పేరు, పంట పేరు, నేల, నెల, చెప్పినవారి పేరు ఉంటే చాలు. వచ్చే ఎళ్ళ అమాసకు పిల్లలను చేనుకు తీసుకుపోయి, ఆ నోటుపుస్తకం చూసే వండుదాం.

పాత బ్యాచ్‌ల వాళ్ళు వచ్చేటప్పుడు రొట్టెలు తెండి. గురువులకు మొదటి వడ్డన మాది.

సెలవు.