గోరు వంకరైతే తల్లి తప్పా?



ఇవాళ పసిపిల్లల గోళ్ళ గురించి నాలుగు మాటలు చెప్పుకుందాం.

పసిబిడ్డ గోరు పలచగా, మెత్తగా ఉంటుంది. కాలిగోళ్ళు కొంచెం చెంచాలా వంగి ఉన్నా భయం లేదు. చాలామందికి పెరిగేకొద్దీ అవే సరి అవుతాయి.

కానీ ఎక్కడో ఒక బిడ్డకు కొద్ది నెలల్లోనే గోళ్ళు మందంగా, గట్టిగా అవుతాయి. రంగు మారి పైకి లేస్తాయి. నాలుక మీద తెల్లమచ్చలు రావచ్చు. కొందరు పళ్ళతోనే పుడతారు. నడక వచ్చాక అరికాళ్ళలో కాయలు కాస్తాయి. అడుగు వేస్తే నొప్పి. ఇది చాలా అరుదైన జబ్బు. డాక్టర్లు దీన్ని పాకియోనికియా కంజెనిటా అంటారు. పేరు నోరు తిరగకపోయినా ఫరవాలేదు. సంగతి తెలిస్తే చాలు.

ఇలాంటి బిడ్డ పుడితే ఇంట్లో ఏమంటారు? "గ్రహణంనాడు కత్తి పట్టావు" అంటారు. "పళ్ళతో పుట్టాడు, మేనమామకు గండం" అంటారు. అన్ని మాటలూ బాలింతకే!

అక్కల్లారా, ఇందులో ఏదీ నిజం కాదు. గోరు, చర్మం గట్టిగా ఉండటానికి కెరటిన్ అనే పదార్థం కావాలి. అది ఎలా తయారు కావాలో చెప్పేవి జన్యువులు. అవి బిడ్డకు అమ్మ నుంచి సగం, నాన్న నుంచి సగం వస్తాయి. వాటిలో ఒకదానిలో తేడా ఉంటే ఈ జబ్బు వస్తుంది. తల్లికి గానీ తండ్రికి గానీ ఈ జబ్బు ఉంటే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు వచ్చే అవకాశం సగానికి సగం. ఆడబిడ్డయినా, మగబిడ్డయినా అంతే. ఒక్కోసారి ఇంట్లో ఎవరికీ లేకపోయినా కొత్తగా వస్తుంది.

అసలు గోళ్ళే లేకుండా పుట్టే బిడ్డలూ ఉంటారు. ఇందులో ఒక రకం తల్లిలో, తండ్రిలో దాగి ఉన్న లోపాలు బిడ్డలో కలిస్తే వస్తుంది. మేనరికాల్లో అలా కలిసే అవకాశం ఎక్కువ.

ఇవి అంటుకునే జబ్బులు కావు. బిడ్డను ఎత్తుకోండి, ముద్దాడండి, పాలివ్వండి.

మరి ఏం చెయ్యాలి? మందపు గోళ్ళను పీకొద్దు. పసర్లు పూయొద్దు. గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టి, మెల్లగా అరగదీయండి. నాలుక మీది మచ్చల్ని గీకొద్దు. గోరు పక్కన వాచినా, చీము పట్టినా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. పుట్టుపళ్ళు కదులుతుంటే డాక్టరుకు చూపించండి. నడిచే బిడ్డకు మెత్తటి చెప్పులు వెయ్యండి. జబ్బును పూర్తిగా పోగొట్టే మందు లేదు. కానీ నొప్పి తగ్గించవచ్చు.

అంగన్‌వాడీకీ, బడికీ వచ్చి పిల్లల్ని పరీక్ష చేసే పథకం 2013లో మొదలైంది. దాని పేరు రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం. మీ ఊరి ఆశా కార్యకర్తను అడగండి. చర్మం డాక్టరుకు ఎక్కడ చూపించాలో తెలుసుకోండి.

మీకు ఇప్పుడు చదువు వచ్చింది. ఎవరి ఇంట్లోనైనా బాలింతను ఇలా ఆడిపోసుకుంటుంటే, వెళ్ళి ఈ పాఠం చదివి వినిపించండి. అత్తగారినీ, భర్తనూ పక్కన కూర్చోబెట్టి మరీ వినిపించండి.