సైకిలు బూటు కింద క్లీటు

బెంగళూరు నుంచి నంది కొండలకు సైకిలు తొక్కేవారి బూట్ల అడుగున, పెడల్‌ను పట్టి ఉంచే బిళ్ళే క్లీటు. షిమానో రోడ్డు క్లీట్లలో ఎరుపుది పాదాన్ని కదలనివ్వదు. నీలం 2 డిగ్రీలు, పసుపు 6 డిగ్రీలు తిరగనిస్తుంది. కొత్తవారు పసుపుతో మొదలుపెట్టండి, మోకాళ్ళకు సుఖం. నన్నడిగితే, అడుగడుగునా సిగ్నల్ దగ్గర కాలు దించే మన ఊరికి రెండు బోల్టుల లోహపు క్లీటే నయం. అది బూటు అడుగులో ఇమిడిపోతుంది, దానితో నడవవచ్చు కూడా.

బిగించేటప్పుడు బొటనవేలి మొదలు పెడల్ ఇరుసు మీదికి రావాలి. బోల్టులకు గ్రీజు రాయండి. లేకుంటే వానలకు తుప్పుపట్టి ఊడిరావు. ప్లాస్టిక్ క్లీటుతో వీధుల్లో నడవకండి. రంగు అంచులు అరిగి కింది పొర కనిపిస్తే వెంటనే మార్చండి. ఎత్తు మలుపులో లేచి తొక్కుతుండగా అరిగిన క్లీటు జారితే, వెనక లారీ ఉండవచ్చు.