నూనె ఒత్తిడి ముల్లు పడిపోతే...



మన కోలారు జిల్లాలో ట్రాక్టరు లేని ఊరు అరుదు. దాని మీటర్ల పలక మీద నూనెడబ్బా బొమ్మతో ఒక ఎర్రదీపమో, ముల్లో ఉంటుంది. కె.జి.ఎఫ్.లోని బెమెల్ కర్మాగారం తయారుచేస్తూ వచ్చిన బుల్డోజర్లకూ ఇలాంటి మీటరు ఉంటుంది. పిస్టన్ ఇంజనుతో ఎగిరే చిన్న విమానానికీ ఉంటుంది. 1951లో బెంగళూరులో తొలిసారి ఎగిరిన హెచ్‌టి-2 శిక్షణ విమానానిది నాలుగు సిలిండర్ల పిస్టన్ ఇంజనే. అయితే ఒక తేడా ఉంది. ట్రాక్టరును గట్టు పక్కన ఆపుకోవచ్చు. ఆకాశంలో గట్టు ఉండదు. అందువల్ల విమానం నడిపేవారు ఆ ముల్లును ఎలా చదువుతారో తెలుసుకుంటే మనకూ మేలు.

అసలు ఈ ఒత్తిడి ఏమిటి? మీ టమాట తోటలోని డ్రిప్పు పైపులను గుర్తు చేసుకోండి. మోటారు నీటిని తోస్తుంది. సన్నటి రంధ్రాలు నీటిని అడ్డుకుంటాయి. ఆ తోపుకూ ఈ అడ్డుకూ మధ్య పుట్టేదే ఒత్తిడి. ఇంజనులోనూ అంతే. పంపు నూనెను తోస్తుంది. అది బేరింగుల సందుల్లోకి పోయి పలుచటి పొరగా నిలుస్తుంది. ఆ పొర ఉన్నంతకాలం ఇనుము ఇనుమును తాకదు. పొర పోయిందా, కొద్ది నిమిషాల్లో బేరింగు కాలిపోతుంది.

1970లనాటి సెస్నా 172 విమానాల్లో ఈ ముల్లు చదరపు అంగుళానికి 60 నుంచి 90 పౌండ్ల మధ్య ఉండాలి. ఇంజను నెమ్మదిగా తిరిగేటప్పుడు కూడా 25కు తగ్గరాదు. మామూలు వాతావరణంలో ఇంజను మొదలైన 30 సెకన్లలో ముల్లు లేవకపోతే వెంటనే ఆపివేయాలి. కాసేపు చూద్దాం అనే మాట అక్కడ లేదు.

మరి గాలిలో ఉండగా ముల్లు పడితే? పైలటు వెంటనే పక్కనున్న నూనె వేడి మీటరును చూస్తాడు. ఒత్తిడి తగ్గి, వేడి మామూలుగా ఉంటే తప్పు మీటరుదో, రిలీఫ్ వాల్వుదో కావచ్చు. అయినా దగ్గరలోని విమానాశ్రయంలో దిగి పరీక్ష చేయించాలి. ఒత్తిడి పూర్తిగా పోయి వేడి పెరుగుతూ ఉంటే ఇంజను ఆగిపోబోతున్నదని అర్థం. అప్పుడు ఇంజను జోరు తగ్గించి, దిగడానికి అనువైన పొలమో మైదానమో వెతుక్కోవాలి. ఒక సాక్షి మాట నమ్మే ముందు రెండో సాక్షిని అడగడం అంటే ఇదే.

దిగిన తర్వాత మెకానిక్కు తేలిక పని నుంచి కష్టమైన పనికి వరుసగా పోతాడు. మొదట నూనె మట్టం, రకం చూస్తాడు. నూనె పలుచబడినా, మితిమీరి వేడెక్కినా ఒత్తిడి తగ్గుతుంది. తర్వాత వేరొక మంచి మీటరు తగిలించి చూస్తాడు. ఆపైన పైపుల్లో కారుడు, పంపుకు నూనె వెళ్లే దారిలో అడ్డు ఉన్నాయేమో వెతుకుతాడు. రిలీఫ్ వాల్వు విప్పి, మూత కూర్చునే చోట మలినం చేరిందా, స్ప్రింగు సడలిందా అని చూస్తాడు. ఫిల్టరు కోసి అందులో లోహపు రజను ఉందేమో పరిశీలిస్తాడు. రజను కనిపిస్తే బేరింగు అరిగిందేమోనని అనుమానించాలి. డ్రిప్పు పైపుకు మొదట్లోనే చిల్లి పడితే చివరి మొక్కకు నీరందదు కదా! అరిగిన బేరింగు అలాంటి చిల్లే.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట మా అన్న ట్రాక్టరులో ఎర్రదీపం వెలగసాగింది. మెకానిక్కు రిలీఫ్ వాల్వు స్ప్రింగు కింద రెండు వాషర్లు వేశాడు. దీపం ఆరిపోయింది. "ఇంక భయం లేదు అయ్యోరా" అన్నాడు. నేనూ తల ఊపాను. ఫిల్టరు విప్పి చూడమని మా ముగ్గురిలో ఎవరికీ తోచలేదు. రెండు నెలలకు, టమాట కోతల మధ్యలో, ఇంజను పట్టేసింది. క్రాంకు షాఫ్టు పాడైంది. ఆ పంట డబ్బులో సగం దానికే పోయింది. బ్యాంకు కంతు మాత్రం ఆగలేదు.

ఆ వాషర్లు చేసిన పని ఏమిటి? జబ్బును నయం చేయలేదు, జబ్బు చెప్పే నోరు మూశాయి. బడిలో పిల్లవాడికి లెక్కలు రాకపోయినా మార్కులు వేసి పంపితే ఏమవుతుందో, అదే అయింది. స్ప్రింగు సర్దడం తప్పు కాదు. కారణం తెలియకుండా సర్దడం తప్పు.

కనుక రైతు సోదరులారా, డ్రైవరు తమ్ముళ్లారా! ఉదయం ఇంజను మొదలుపెట్టే ముందు కడ్డీ తీసి నూనె మట్టం చూడండి. దీపం వెలిగితే సాలు పూర్తయ్యే దాకా ఆగకండి, అక్కడే ఇంజను ఆపండి. బాగుచేసినవారిని "దీపం ఆరిందా?" అని కాదు, "ఎందుకు వెలిగింది?" అని అడగండి. జవాబు వచ్చిన తర్వాతే తాళం తిప్పండి.