ఫోను ఎవరి చేతిలో ఉంది?

(మహిళా ఉపాధ్యాయుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చదువులో మార్పు తెచ్చేది యంత్రమా, మనుషులా అన్న ప్రశ్న 2020లో నాకు ఎదురైంది. కరోనాతో బడులు మూతపడ్డాయి. తెలంగాణలో సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు మొదలయ్యాయి. పిల్లలు వింటున్నారో లేదో చూడడానికి మేం ఇళ్లకు వెళ్లేవాళ్లం.

ఒక ఇంట్లో తొమ్మిదో తరగతి అమ్మాయి అంట్లు తోముతోంది. పాఠం వినలేదేమని అడిగాను. "టీవీల పాఠమొచ్చే టైముకే నల్లా వస్తది టీచర్. ఫోనేమో అన్న దగ్గరుంటది" అంది. తల్లి కూలికి పోబోతూ ఆగి, "ఆడపిల్ల చేతికి ఫోనిస్తే ఊరు ఊరుకుంటదా?" అంది. నా కాగితంలో రెండే గడులున్నాయి: టీవీ ఉందా, ఫోను ఉందా? రెండింట్లోనూ 'ఉంది' అని రాసుకొచ్చాను. రాసింది అబద్ధం కాదు. కానీ నిజమూ కాదు. ఫోను ఎవరి చేతిలో ఉందో రాసే గడి అందులో లేదు.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు తెలంగాణలో 26.5 శాతమైతే పురుషులు 57.4 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీలు 21 శాతం, పురుషులు 48.8 శాతం. పలకా బలపం దగ్గర ఉన్న వివక్షే ఇప్పుడు ఫోను దగ్గరికి వచ్చింది.

ఆ తల్లిని నేను తప్పుపట్టను. ఆమె భయం ఊరు పెట్టిన భయం. కానీ భద్రత పేరుతో ఆంక్షలన్నీ ఆడపిల్లలకేనా? కేరళలో ఒక మహిళా హాస్టల్లో సాయంత్రం 6 నుంచి 10 దాకా ఫోను వాడకూడదన్నారు. ఒప్పుకోని విద్యార్థిని ఫహీమా షిరిన్‌ను హాస్టల్ నుంచి పంపేశారు. ఆమె కోర్టుకెక్కింది. ఇంటర్నెట్ అందుబాటు విద్యాహక్కులో, గోప్యత హక్కులో భాగమని 2019 సెప్టెంబరులో కేరళ హైకోర్టు చెప్పింది. ఆమెను తిరిగి చేర్చుకోమంది.

అయితే పరికరం చేతికొస్తే చాలా? నెల్లూరు జిల్లాను గుర్తు చేసుకుందాం. 1990ల మొదట్లో అక్షరాస్యతా తరగతుల్లో దూబగుంట స్త్రీలు అక్షరాలతో ఆగలేదు. కలిసి కూర్చుని, పాఠంలో తమ బతుకును చూసుకుని, సారాపై తిరగబడ్డారు. ఆ పోరాటం పాకి, 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. వాచకం అందరికీ ఒకటే. దాన్ని ఆయుధం చేసింది ఆ కలిసి కూర్చోవడమే.

అందుకే నా కోరికలు మూడు. బడిలోని కంప్యూటర్లకు తాళం తీసి, ఆడపిల్లలకు వీలైన వేళ, టీచరు తోడుగా వాడనివ్వాలి. ఎవరైనా ఫోటోలతో, మెసేజ్‌లతో వేధిస్తే ఎవరికి చెప్పాలో ప్రతి అమ్మాయికీ నేర్పాలి. చెప్పినందుకు ఆమె ఫోనే లాక్కోకూడదు. తల్లులనూ పిలిచి పక్కన కూర్చోబెట్టాలి. తాను వాడి చూసిన తల్లి బిడ్డ చేతిలో ఫోను చూసి అంతగా భయపడదు.

ఇకముందు ఏ కాగితం మన చేతికొచ్చినా, ఆ మూడో గడి మనమే గీద్దాం: ఫోను ఎవరి చేతిలో ఉంది?