అలంపుర క్షేత్రము – తరలిన దేవతలు, తరగని ఆరాధన



అష్టాదశ శక్తిపీఠ స్తోత్రమును నిత్యము పఠించు గృహములు మన తెలుగునాట అనేకము గలవు. ఆ వరుసలో ఐదవ పీఠముగా అలంపుర జోగులాంబ నామము వచ్చును. ఆ నామమును దినదినము పలుకు మనలో ఎందరికి తెలియును, ఆ తల్లి సుమారు 600 సంవత్సరములు స్వంత ఆలయము లేక మరియొక గుడిలో ఒదిగి యుండినదని? నేడు ఆ కథనే మీతో ముచ్చటింప దలచితిమి.

అలంపురము తెలంగాణమున జోగులాంబ గద్వాల జిల్లాలో, తుంగభద్రా తీరమున వెలసిన పురాతన క్షేత్రము. కృష్ణా తుంగభద్రల సంగమము దీనికి సమీపముననే గలదు. శ్రీశైల మహాక్షేత్రమునకు నాలుగు దిక్కుల నాలుగు ద్వారములుండగా, పడమటి ద్వారము అలంపురమని పెద్దలు చెప్పుదురు. దక్షిణకాశి యను ప్రసిద్ధియు దీనికి గలదు.

ఇచటి స్థలపురాణము బ్రహ్మదేవునితో ఆరంభమగును. సృష్టి చేయు సామర్థ్యమును కోరి విధాత ఈ తీరమున పరమశివుని గూర్చి ఘోర తపస్సు చేసెననియు, శివుడు ప్రసన్నుడై బ్రహ్మేశ్వరుడను పేర ఇచటనే నిలిచెననియు ఐతిహ్యము. అందుచేతనే ఇచటి తొమ్మిది ఆలయములకు నవబ్రహ్మాలయములని పేరు వచ్చినది. బాలబ్రహ్మ, కుమారబ్రహ్మ, అర్కబ్రహ్మ, వీరబ్రహ్మ, విశ్వబ్రహ్మ, తారకబ్రహ్మ, గరుడబ్రహ్మ, స్వర్గబ్రహ్మ, పద్మబ్రహ్మ యనునవి ఆ తొమ్మిది. పేరు బ్రహ్మదే గాని, గర్భాలయములన్నియు శివునివే. సృష్టికర్తయైనను తపస్సు చేసి అర్థింపవలసిన వాడేయని ఈ పేర్లు మనకు బోధించుచున్నవి.

మరియొక ఐతిహ్యము రససిద్ధునిది. శివానుగ్రహమున రసవిద్యను సాధించి, లోహమును బంగారము చేసి, ఆ ధనముతో ఒక సిద్ధుడు ఈ గుళ్లను కట్టించెనందురు. అర్కమనగా జిల్లేడు, బల, కుమారి యనునవియు ఓషధుల పేర్లే. కనుక ఈ నామములలో వైద్యరహస్యము దాగినదని చెప్పువారును గలరు.

చరిత్ర చెప్పునది వినినను మన భక్తి తరుగదు, పెరుగును. ఈ ఆలయములు 7, 8 శతాబ్దులలో బాదామి చాళుక్యుల పాలనమున వెలసినవి. వీనిలో పెక్కింటిపై ఉత్తరదేశపు రీతిలో, పైకి పోను పోను లోనికి వంగిన రేఖాశిఖరములు గలవు. శిఖరాగ్రమున ఉసిరికాయను బోలిన ఆమలకము నిలిచియుండును. గర్భగుడి చుట్టును ప్రదక్షిణ మార్గము, ముందు స్తంభముల మండపము. స్వర్గబ్రహ్మాలయపు గోడలపై శిల్పులు మలచిన మూర్తులను చూచుటకు ఒక పూట చాలదు.

ఇక అమ్మవారి సంగతి. దక్షయజ్ఞానంతరము సతీదేవి శరీరము ఖండములై పడినప్పుడు పై దంతపంక్తి ఇచట పడెనని పురాణగాథ. శవాసనముపై కూర్చుండి, కేశములలో బల్లిని, తేలును, గబ్బిలమును, కపాలమును ధరించిన ఉగ్రమూర్తి ఆమె. యోగులకు అమ్మ గనుక యోగులాంబ, జనుల నోట జోగులాంబ యైనది. 14వ శతాబ్దాంతమున బహమనీ సేనల దాడిలో ఆమె ఆలయము నేలకూలినదని స్థలచరిత్ర. అప్పుడు భక్తులు మూర్తిని కాపాడి బాలబ్రహ్మేశ్వరాలయమున నుంచిరి.

ఆ ఘడియను ఒక్కమారు తలచుకొనుడు. వారి పేర్లు ఏ శాసనమునను లేవు. గుడిని నిలుపుకొను బలము వారికి లేకపోయినది. కాని తల్లిని విడువలేదు. వారి పిమ్మట తరతరములుగా అర్చకులును గ్రామస్థులును దీపము ఆరనీయలేదు. తుదకు 2005వ సంవత్సరమున, మాఘశుద్ధ పంచమినాడు, నూతనాలయమున జోగులాంబ పునఃప్రతిష్ఠ జరిగినది. ఆ ఉగ్రరూపమును శాంతింపజేయుటకై ఆలయము చుట్టును నీటిగుండమును ఏర్పరచిరి.

దేవతలు తరలుట ఇంతతో ముగియలేదు. మన కాలముననే, 1981లో పూర్తియైన శ్రీశైలం ఆనకట్ట వలన సంగమతీరపు గుళ్లకు ముంపు ఏర్పడినది. అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయిగా విప్పి, అలంపురమునకు తెచ్చి మరల పేర్చిరి. ఇరువదికి పైబడిన పాపనాశి ఆలయములును అట్లే మెరకకు చేరినవి. మొదట దాడి వలన, పిదప ప్రజల అవసరము వలన. కారణములు వేరు, కాని మోసిన భుజములు భక్తి గల భుజములే. 2009 అక్టోబరు వరదలలో అలంపురము మునిగినప్పుడును నీరు తీసిన పిదప పూజలు మరల సాగినవి.

ఈ క్షేత్రపు శాసనములను, చరిత్రను జీవితాంతము శోధించిన అలంపుర పండితులు గడియారం రామకృష్ణశర్మగారిని ఇచట స్మరింపకున్న కృతఘ్నులమగుదుము. శాసనమును చదువుటయు ఒక అర్చనయే.

కనుక మా మనవి యిది. అలంపురము పోయినప్పుడు అమ్మవారి దర్శనముతోనే తిరుగుబస్సు ఎక్కవలదు. బాలబ్రహ్మేశ్వరునికి ఒక నమస్కారము అధికముగా చేయుడు. అన్ని శతాబ్దులు తల్లికి నీడనిచ్చిన గుడి యది. పాపనాశి వైపును ఒక్కమారు నడువుడు. అచట జనము పలుచనగా నుందురు, దేవుడు మాత్రము పలుచన గాడు. శిల్పములపై నూనె, పసుపు పులుమవద్దు. రాళ్లపై పేర్లు చెక్కవద్దు. తల్లిని మోసిన వారు తమ పేరు ఎచ్చటను చెక్కుకొనలేదు గదా!

ఆలయము రాతిలో నున్నదా, ఆరాధనలో నున్నదా యని అడుగువారికి అలంపురమే సమాధానము. రాయి కూలినను ఆరాధన నిలిచినచోట ఆలయము మరల లేచును. ఆరాధన లేనిచోట రాయి నిలిచినను అది కట్టడము మాత్రమే. మన వంతు వచ్చినప్పుడు మన భుజములును సిద్ధముగా నుండునట్లు ఆ జోగులాంబా బాలబ్రహ్మేశ్వరులు మనల ననుగ్రహింతురు గాక!

స్వస్తి.