వడపోత పొరలను కడిగే మందుల ఎంపిక
(సంఘ పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాల క్యాన్లు కడగడం మనకు కొత్త కాదు. వెన్న జిడ్డు సోడా నీళ్ళకు వదులుతుంది. అడుగున గట్టిపడిన తెల్లని గారకు సోడా చాలదు, ఆమ్లం కావాలి. ఇక అల్యూమినియం క్యానును కాస్టిక్ సోడా తినేస్తుంది గనుక దానికి ఆ మందు వాడము. అంటే మురికి ఏమిటో ఎంత ముఖ్యమో, పాత్ర దేనితో చేసినదో కూడా అంత ముఖ్యం.

డెయిరీలో పన్నీరు, ఛీజు తీయగా మిగిలిన తేట నుంచి మాంసకృత్తులను వేరుచేసే వడపోత పొరలకూ ఇదే సూత్రం. వాటి రంధ్రాలను మూసివేసే మాంసకృత్తులు, కొవ్వు క్షారంతో పోతాయి. కాల్షియం ఫాస్ఫేట్ గార ఆమ్లంతో కరుగుతుంది. సాధారణంగా ముందు నీళ్ళు, తరువాత క్షారం, మళ్ళీ నీళ్ళు, ఆపైన ఆమ్లం, చివరకు నీళ్ళు. ఈ నీళ్ళలో సున్నం, ఇనుము ఉంటే అవే పొరపై పేరుకుంటాయి. కాబట్టి ఉప్పబోరు నీళ్ళు పనికిరావు.

ఇక మందు కొనే ముందు, పొర దేనితో తయారైందో అడగాలి.

సెల్యులోజ్ ఎసిటేట్ పొర ఘాటైన క్షారానికి, ఎక్కువ వేడికి నిలవదు. దానికి ఎంజైము మందులు వాడతారు. పాలీఈథర్ సల్ఫోన్ పొర క్షారంతో కలిపిన క్లోరిన్‌ను తయారీదారు చెప్పిన మోతాదు వరకు ఓర్చుకుంటుంది. రివర్స్ ఆస్మాసిస్‌లో వాడే పాలీఅమైడ్ పొరను మాత్రం క్లోరిన్ పాడుచేస్తుంది. దాన్ని నీళ్ళలోని క్లోరిన్ నుంచి కూడా కాపాడాలి. పింగాణీ జాతి పొరలు కాస్టిక్‌నూ, నైట్రికామ్లాన్నీ కూడా తట్టుకుంటాయి. ఒకే డెయిరీలో రెండు రకాల పొరలు ఉండవచ్చు. ఒకదాని మందు రెండవదానికి పోయరాదు.

మరొక హెచ్చరిక. క్లోరిన్ మందు, ఆమ్లం కలిస్తే విషవాయువు పుడుతుంది. రెండింటినీ వేరువేరు గదులలో, తెలుగు చీటీలు అంటించి ఉంచాలి. కడిగేవారికి చేతితొడుగులు, కళ్ళద్దాలు ఇవ్వాలి. మందును నీళ్ళలో పోయాలి గాని, మందులో నీళ్ళు పోయకూడదు.

పొర శుభ్రపడిందని కంటితో చూసి చెప్పలేము. కడిగిన తరువాత మంచినీళ్ళు పంపి, అదే ఒత్తిడి, అదే వేడి దగ్గర గంటకు ఎన్ని లీటర్లు దిగుతున్నాయో కొలవాలి. కొత్తగా ఉన్నప్పటి లెక్కతో పోల్చాలి. ఆ అంకె రోజూ పుస్తకంలో రాయాలి. అది తగ్గుతూ పోతే మందో, మోతాదో, వేడో, నీళ్ళో సరిగా లేవన్నమాట.

టెండర్లు తెరిచినప్పుడు డబ్బా ధర ఒక్కటే చూడవద్దు. ఒకసారి కడగడానికి ఎంత మందు, ఎన్ని నీళ్ళు, ఎంత సేపు పడుతుందో లెక్క కట్టండి. ఈ మందు మా పొరకు హాని చేయదని పొర తయారీదారు రాసిచ్చిన కాగితం అడగండి. డబ్బా మీద మిగిలిన నాలుగు రూపాయల కోసం పొరను పోగొట్టుకుంటే, కొత్త పొర ఖర్చు చివరికి మన పాల ధరలో నుంచే పోతుంది. ఆ కాగితం చూపనిదే కొనుగోలుకు చేయి ఎత్తవద్దని మా మనవి.